కీమో జరుగుతున్న బాబుకు టిఫ్లైటిస్: ఆపరేషన్ చేయకుండా ఆగడం సరైనదేనా?

ప్రశ్న: ఖమ్మం నుంచి ఒక తల్లి

అందరికీ నమస్కారం. మా బాబుకు ఆరేళ్ళు. జ్వరం తగ్గకపోవడం, కాళ్ళు నొప్పులంటూ నడవకపోవడం, ఒంటి మీద కమిలినట్టు మచ్చలు కనిపించడంతో రక్తపరీక్ష చేయిస్తే అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా అనే రక్త క్యాన్సర్ అని తేలింది. హైదరాబాదులో చేర్పించాము. మొదటి విడత కీమో, అంటే ఇండక్షన్, మొదలై ఈ రోజుకు ఇరవై రోజులు. పదిహేనో రోజు దాకా స్టెరాయిడ్ల వల్ల విపరీతంగా ఆకలి వేసేది. రాత్రి రెండు గంటలకు లేచి పప్పన్నం కలిపి పెట్టమనేవాడు. పదహారో రోజు పొద్దున కంచం ముందు పెడితే ముఖం తిప్పుకున్నాడు. సాయంత్రానికి కుడి మోకాలు పొట్టకు ముడుచుకుని పడుకున్నాడు, కాలు చాపమంటే ఏడ్చాడు. రాత్రి జ్వరం 101 వచ్చింది.

అప్పటికి మూడు రోజులుగా విరేచనం కాలేదు. ఆసుపత్రి దగ్గర అద్దె గదిలో ఉన్నాము. మా అత్తగారు ఫోనులో కాస్త ఆముదం పట్టమన్నారు, ఇంకొకరు ఎనిమా ఇప్పించమన్నారు. నేను అవేవీ చేయలేదు గాని, మలబద్ధకం వల్లే నొప్పి అనుకుని పారాసిటమాల్ వేసి, తెల్లవారాక తీసుకువెళదామని ఆగాను. తెల్లవారుజామున విరేచనం నీళ్ళలాగా, ఎర్రటి జీరలతో అయింది. వెంటనే పరుగెత్తాము. స్కానింగులో పెద్దపేగు మొదట్లో గోడ 9 మిల్లీమీటర్లు వాచి ఉందన్నారు, దీనిని టిఫ్లైటిస్ అంటారట. ఏఎన్‌సీ (ఇన్ఫెక్షన్‌తో పోరాడే న్యూట్రోఫిల్ అనే తెల్లకణాల లెక్క) 40, ప్లేట్‌లెట్లు 18 వేలు. ముక్కులోంచి కడుపులోకి రైల్స్ ట్యూబ్ వేసి, నోటి ద్వారా ఏమీ ఇవ్వకుండా, రెండు మూడు రకాల యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు పెట్టారు. శస్త్రవైద్యులు పొద్దున, సాయంత్రం వచ్చి పొట్ట నొక్కి చూసి, "ఇంకా చూద్దాం" అని వెళ్ళిపోతున్నారు.

మా బావగారేమో ఇది ఇరవై నాలుగు గంటల నొప్పే (అపెండిసైటిస్), ఆపరేషన్ చేయకుండా నాలుగు రోజులు ఎలా ఉంచుతారు, పగిలితే ప్రాణానికే ప్రమాదం, వేరే ఆసుపత్రికి మార్చండి అంటున్నారు. బాబు రోజంతా పెరుగన్నం అడుగుతున్నాడు. కీమో ఆపేశారు గాని స్టెరాయిడ్ మాత్రం సూది ద్వారా ఇస్తూనే ఉన్నారు, అదెందుకో అర్థం కాలేదు. కీమో ఆపితే జబ్బు తిరగబెడుతుందా? ఆ రాత్రి నేను ఆగడం వల్లే ఇలా అయిందా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం: పిల్లల క్యాన్సర్ వైద్యుడు

అమ్మా, బాబును నేను చూడలేదు కాబట్టి అతని విషయంలో చివరి మాట అక్కడి వైద్యులదే. ఈ జబ్బు గురించి చెప్పగలిగినంత చెబుతాను.

దీని పూర్తి పేరు న్యూట్రోపీనిక్ ఎంటెరోకొలైటిస్. చిన్నపేగు వచ్చి పెద్దపేగులో కలిసే చోట, కింది వైపు మూసుకుపోయిన సంచిలాంటి భాగం ఉంటుంది. దానిని మన పాఠ్యపుస్తకాల్లో అంధనాళం అంటారు. గ్రీకులో "టిఫ్లాన్" అన్నా గుడ్డిది అనే అర్థం, టిఫ్లైటిస్ అనే పేరు అందులోంచే వచ్చింది. కీమో మందులు వేగంగా విభజన చెందే కణాలను చంపుతాయి. పేగు లోపలి పొర కొద్ది రోజులకొకసారి పూర్తిగా కొత్తదవుతూ ఉంటుంది కనుక ఆ దెబ్బ దానికీ తగులుతుంది. పొర చితికిన చోట, ఎప్పుడూ పేగులోనే ఉండే బ్యాక్టీరియా గోడలోకి దిగుతుంది. మామూలు పిల్లల్లో న్యూట్రోఫిల్ కణాలు వెళ్ళి దానిని అక్కడే అడ్డుకుంటాయి. బాబుకు అవి మైక్రోలీటరుకు 40 మాత్రమే ఉన్నాయి, 500 కంటే తగ్గితేనే మేము ప్రమాదకరమంటాము. అడ్డుకునే కణాలు లేకపోవడంతో గోడ వాచి, నీరు పట్టి, కొన్నిసార్లు రక్తం కారి, మరీ ముదిరితే కుళ్ళుతుంది. పెద్దపేగంతటిలో అంధనాళం వెడల్పైనది, సులువుగా ఉబ్బేది. ఉబ్బినప్పుడు గోడకు రక్తం సరిగా అందదు. అందుకే ఎక్కువగా అక్కడ మొదలవుతుంది.

పిల్లల లుకేమియాలో ఈ సమస్యను విడిగా గుర్తించి 1970లో వైద్య పత్రికల్లో రాశారు. ఆ రోజుల్లో ఇది తరచు శవపరీక్షలోనే బయటపడేది. ఇప్పుడు స్కానింగులో తొందరగా దొరుకుతుంది, మంచి యాంటీబయాటిక్‌లు ఉన్నాయి, అత్యధిక పిల్లలు ఆపరేషన్ లేకుండానే కోలుకుంటున్నారు. కీమో తీసుకునే ప్రతి వందమందిలో కొద్దిమందికే వస్తుంది కనుక, మీ బంధువులు దీని పేరు వినకపోవడంలో ఆశ్చర్యం లేదు.

గోడ మందం నాలుగు మిల్లీమీటర్లు దాటితే అనుమానిస్తాము. పది దాటితే ముప్పు ఎక్కువని పెద్దవాళ్ళ మీద జరిగిన పరిశీలనల్లో తేలింది. తొమ్మిది అంటే చిన్న వాపు కాదు, అయితే ఒక్క అంకెను పట్టుకుని భయపడవద్దు. రెండు మూడు రోజులకొకసారి చేసే స్కానులో అది తగ్గుతోందా లేదా అన్నదే మాకు ముఖ్యం. అల్ట్రాసౌండులో రేడియేషన్ ఉండదు, మంచం దగ్గరే చేయవచ్చు, అందుకే పిల్లలకు ముందుగా అదే చేస్తాము.

స్టెరాయిడ్ సంగతి. రెండు వారాలకు పైగా స్టెరాయిడ్ వాడిన పిల్లల్లో, మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథులు తమంతట తాము హార్మోను తయారు చేయడం దాదాపు మానేస్తాయి. అలాంటి సమయంలో తీవ్రమైన ఇన్ఫెక్షన్ ఉండగా ఒక్కసారిగా ఆపితే రక్తపోటు పడిపోతుంది. అందుకే క్యాన్సర్‌కు ఇచ్చే మోతాదు తగ్గించినా, శరీరానికి అవసరమైనంత హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్‌ను సూది ద్వారా ఇస్తారు. మీ బాబుకు ఇస్తున్నది అదేనా అని ఒక్క మాట అడగండి, తప్పక చెబుతారు.

కీమో విషయంలో ఇండక్షన్ మధ్యలో వారం, పది రోజులు ఆగవలసి రావడం అసాధారణం కాదు. చికిత్స మొత్తం రెండేళ్ళకు పైగా సాగుతుంది. పేగు మానకుండా, కౌంట్లు (రక్తకణాల లెక్కలు) లేవకుండా కీమో కొనసాగిస్తే లుకేమియా కంటే ముందు ఇన్ఫెక్షనే ప్రాణం తీస్తుంది. కోలుకున్నాక ఎముక మజ్జ పరీక్ష చేసి, దానిని బట్టి తరువాతి విడత నిర్ణయిస్తారు.

ఇక ఆ రాత్రి గురించి. జబ్బు మీ వల్ల రాలేదు, అది కీమో వల్లా కౌంట్లు పడిపోవడం వల్లా వచ్చింది. కీమోలో ఇచ్చే విన్క్రిస్టిన్ అనే మందు కూడా మలబద్ధకాన్నీ కడుపునొప్పినీ తెస్తుంది కాబట్టి మీరు అలా అనుకోవడం సహజమే. ఆముదం పట్టకుండా, ఎనిమా ఇప్పించకుండా ఉండడం మీరు చేసిన చాలా పెద్ద మేలు. చితికిన పేగులోకి ఒత్తిడితో నీరు పంపితే చిల్లు పడే ప్రమాదం ఉంది. అయినా దాచకుండా చెప్పాలి: కౌంట్లు తగ్గి ఉన్నప్పుడు జ్వరం 100.4 దాటితే అర్ధరాత్రయినా బయలుదేరాలి. ఆసుపత్రి చేరిన గంటలోపు మొదటి యాంటీబయాటిక్ పడాలన్నది మా నియమం. స్టెరాయిడ్లు జ్వరాన్ని కప్పేస్తాయి, కాబట్టి జ్వరం లేకపోయినా కడుపునొప్పి వస్తే ఆగకూడదు. అంత ఆకలితో ఉన్న పిల్లవాడు కంచం ముందు ముఖం తిప్పుకోవడం కూడా ఒక లక్షణమే.

సమాధానం: పిల్లల శస్త్రవైద్యురాలు

మీ బావగారి భయం నాకు అర్థమవుతుంది. కుడివైపు కింద నొప్పి, జ్వరం, వాంతి అంటే ఎవరికైనా ముందు అపెండిసైటిసే గుర్తుకు వస్తుంది, ఆ అపెండిక్స్ వేలాడేది కూడా ఇదే అంధనాళానికి. రెండు జబ్బుల్లోనూ నొప్పి ఒకే చోట ఉన్నా, పద్దెనిమిది వేల ప్లేట్‌లెట్లు, నలభై ఏఎన్‌సీ ఉన్న పిల్లవాడి పొట్ట కోయడం, ఆరోగ్యంగా ఉండి అపెండిక్స్ వాచిన పిల్లవాడి పొట్ట కోయడం ఒకటి కాదు. రక్తం ఆగదు, గాయం మానదు, లోపల కుట్టిన చోటు అతకదు. మేము కోసే సమయానికి పేగు వాపు దానంతట అదే తగ్గిపోయే దశలో ఉండి ఉంటే, మనమే పిల్లవాడిని ప్రమాదంలోకి నెట్టినట్టవుతుంది.

అందుకే నాలుగు సందర్భాల్లోనే కత్తి పడతాము. పేగుకు చిల్లు పడి గాలి బయటికి వచ్చినట్టు ఎక్స్-రే లేదా సీటీలో కనిపించినప్పుడు. ప్లేట్‌లెట్లు, ప్లాస్మా ఎక్కించి రక్తం గడ్డకట్టే గుణాన్ని సరిచేసినా విరేచనంలో రక్తస్రావం ఆగనప్పుడు. అన్ని మందులూ పడుతున్నా రక్తపోటు నిలవక పిల్లవాడు దిగజారిపోతున్నప్పుడు. లేదా కౌంట్లతో సంబంధం లేకుండానే ఆపరేషన్ తప్పనిసరి అయ్యే మరొక సమస్య, ఉదాహరణకు చీముగడ్డో, నిజమైన అపెండిసైటిసో, తేలినప్పుడు. స్కాను రిపోర్టులో "పేగు గోడలో గాలి" అని రాసి ఉంటే హడలిపోవద్దు. గోడలో గాలి బుడగలు ఉండడం వేరు, గోడ దాటి పొట్టలోకి గాలి రావడం వేరు. మొదటిదానికి తరచు మందులే చాలు.

రెండు పూటలా వచ్చి పొట్ట నొక్కి వెళ్ళిపోతున్నారన్నారు. పైకి అలా కనిపిస్తుంది గాని, ఈ జబ్బులో అంతకంటే విలువైన పని మరొకటి లేదు. మామూలుగా పేగు చిల్లుపడితే పొట్ట చెక్కలా బిగుసుకుంటుంది. స్టెరాయిడ్ మీద ఉన్న పిల్లవాడికి ఆ బిగువు రాకపోవచ్చు, మెత్తగానే ఉండి లోపల ముదిరిపోవచ్చు. పొద్దున నొక్కిన చేయే సాయంత్రం నొక్కితే, ఆ రెండింటి మధ్య తేడా చేతికి తెలుస్తుంది. ఆసుపత్రి మారిస్తే పోయేది ముందుగా ఆ చేయి, ఆ తరువాత ప్రయాణంలో గడిచే గంటలు. పిల్లల క్యాన్సర్ వైద్యులు, శస్త్రవైద్యులు, రక్తనిధి, ఐసీయూ అన్నీ ఒకే చోట ఉన్నంత వరకు నేనైతే మార్చమని చెప్పను. వాటిలో ఏదైనా అక్కడ లేకపోతే మాత్రం ఈ రోజే, బాబు నిలకడగా ఉన్నప్పుడే, వైద్యులతో మాట్లాడి మార్చడం మేలు.

సమాధానం: విశాఖ నుంచి ఒక తండ్రి

చెల్లెమ్మా, మా అమ్మాయికి 2019లో ఇదే వచ్చింది. అప్పుడు తనకు ఎనిమిదేళ్ళు. జబ్బు మరో రకం, అక్యూట్ మైలాయిడ్ లుకేమియా. అందులో సైటరాబిన్ అనే కీమో మందు ఎక్కువ మోతాదులో ఇస్తారు కనుక ఈ పేగు సమస్య వచ్చే అవకాశం ఎక్కువని మాకు ముందే చెప్పారు. మా విషయంలో ఆపరేషన్ తప్పలేదు. ఆరో రోజు రాత్రి చిల్లు పడింది. పాడైన ముక్క తీసేసి, పేగు చివరను పొట్ట మీదకు తెచ్చి స్టోమా పెట్టి, మలం చేరడానికి సంచి తగిలించారు. అది చూసిన రోజు నేను వరండాలో కూర్చుండిపోయాను. మా అమ్మ మాత్రం తన పాత నూలు చీర చింపి ఆ సంచికి తొడుగులు కుట్టింది, అమ్మాయి చర్మానికి ప్లాస్టిక్ ఒరుసుకోకుండా, పక్క మంచం పిల్లలకు కనిపించకుండా. తరువాత వార్డులో అలాంటి సంచే ఉన్న ఇంకో బాబుకు కూడా కుట్టి ఇచ్చింది. నాలుగు వారాలు గడిచాక కీమో మళ్ళీ మొదలైంది, చికిత్స పూర్తయ్యాక పేగు కలిపేశారు. ఇప్పుడు తొమ్మిదో తరగతి చదువుతోంది.

భయపెట్టడానికి ఇది రాయడం లేదు. చిల్లు పడ్డా దారి ఉందని మీకు తెలియాలి. మరో విషయం: ఒకసారి వచ్చిన పిల్లలకు తరువాతి విడతల్లో మళ్ళీ రావచ్చు. మా అమ్మాయికి రెండో విడతలో కౌంట్లు పడిపోయిన రోజుల్లో పొట్ట కొంచెం ఉబ్బినా చాలు, వెంటనే స్కాను చేసేవారు. ఆరోగ్యశ్రీలో కీమో ప్యాకేజీ కిందే చేరి ఉంటే, ఈ కొత్త సమస్యకు అదనపు అనుమతి కావాలేమో ఆరోగ్యమిత్రను ఇవాళే అడగండి. నేను ఆలస్యంగా అడిగి చాలా తిరిగాను.

సమాధానం: పిల్లల క్యాన్సర్ వార్డు స్టాఫ్ నర్సు

పెద్ద విషయాలు డాక్టర్లు చెప్పారు, నేను మంచం పక్కన జరిగేవి చెబుతాను. బాబు పొట్ట చుట్టూ బొడ్డు దగ్గర టేపు పెట్టి కొలుస్తుంటారు చూడండి, టేపు ఆనే చోట పెన్నుతో రెండు గీతలు గీసి ఉంటాయి. ఒళ్ళు తుడిచేటప్పుడు ఆ గీతలు చెరపకండి. అవి చెరిగిపోతే రేపటి కొలత మరో చోట పడుతుంది, అర సెంటీమీటరు పెరిగిందో తగ్గిందో తెలియదు. ట్యూబు సంచిలో పచ్చటి నీరు ఎంత వచ్చిందో రోజూ రాసుకోండి. రోజురోజుకూ తగ్గుతూ, పచ్చదనం పోయి తేటపడుతుంటే పేగు కదలడం మొదలైనట్టే. ఉన్నట్టుండి నొప్పి పోయి బాబు మరీ నిశ్శబ్దంగా, చల్లగా, మగతగా అయిపోతే, నొప్పి తగ్గిందని సంతోషించకుండా వెంటనే మమ్మల్ని పిలవండి.

కింది మార్గం నుంచి ఏదీ వెళ్ళకూడదు. థర్మామీటరు గాని, జ్వరానికి పెట్టే సపోజిటరీ గాని, ఎనిమా గాని వద్దు. విరేచనాలు ఆపే మాత్ర ఇంటి నుంచి తెచ్చి వేయకండి. బ్రూఫెన్ జాతి మందులు ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్న పిల్లలకు పనికిరావు. విరేచనం అయిన ప్రతిసారీ గోరువెచ్చని నీటితో కడిగి, రుద్దకుండా మెత్తటి గుడ్డతో అద్దండి, అక్కడ చర్మం చిట్లినా ఇన్ఫెక్షన్ దిగుతుంది.

ఆకలి సంగతి నాకు తెలుసు, తల్లులు ఎక్కువగా ఏడ్చేది అక్కడే. పేగులో ఆహారం లేకపోతేనే దానికి విశ్రాంతి. బలం తగ్గకుండా సెలైన్‌లోనే చక్కెర, అవసరమైతే మాంసకృత్తులు, కొవ్వులు కూడా రక్తనాళం ద్వారా ఇస్తారు. బాబు ముందు మీరెవరూ తినకండి, పక్క మంచం వాళ్ళు తింటుంటే తెర లాగండి. శుభ్రమైన గాజుగుడ్డ తడిపి పెదవులు అద్దండి, నోరు పుక్కిలించి ఉమ్మేయనివ్వండి. ఇవ్వమన్నాక కూడా ముందు చెంచాలతో నీళ్ళు, తరువాత పలుచటి బియ్యపు జావ. పెరుగులో బతికున్న బ్యాక్టీరియా ఉంటుంది కనుక కౌంట్లు లేచేదాకా చాలా వార్డుల్లో ఆపుతారు. పెరుగన్నం కోసం ఇంకొన్నాళ్ళు ఆగాలని బాబుకు ఇప్పుడే చెప్పండి, రేపు పెడతానని మాత్రం చెప్పకండి. మాట తప్పితే మందు మింగించడం కూడా కష్టమవుతుంది.

ప్రశ్న అడిగిన తల్లి, ఐదు రోజుల తరువాత

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఆసుపత్రి మార్చలేదు. శస్త్రవైద్యురాలి గారి సమాధానం మా బావగారికి చదివి వినిపించాను, ఆయన ఆ సాయంత్రం వార్డుకు వచ్చి అక్కడి డాక్టరు గారితో స్వయంగా మాట్లాడి శాంతించారు. స్టెరాయిడ్ గురించి అడిగితే హైడ్రోకార్టిసోనేనని చెప్పారు. మూడో రోజున జ్వరం తగ్గకపోతే ఫంగస్ మందు కలిపారు, ప్లేట్‌లెట్లు రెండుసార్లు ఎక్కించారు. నిన్నటి స్కానులో గోడ 5 మిల్లీమీటర్లు, ఏఎన్‌సీ 620. ట్యూబు తీసేసి ముప్పై మిల్లీలీటర్ల నీళ్ళు ఇవ్వమన్నారు. వాడు మొదటి చెంచా వెంటనే మింగకుండా చాలాసేపు నోట్లోనే ఉంచుకున్నాడు.

ఇంకొక్క సందేహం. అంతా కుదుటపడి, తరువాతి విడతల మధ్య కొన్ని రోజులు ఖమ్మం పంపితే, మేము హైదరాబాదు చేరడానికి నాలుగు గంటలు పడుతుంది. గంటలోపు యాంటీబయాటిక్ అన్నారు కదా, అప్పుడెలా?

సమాధానం: పిల్లల క్యాన్సర్ వైద్యుడు

మంచి కబురు చెప్పారమ్మా. డిశ్చార్జి అయ్యే రోజున మీ వైద్యులను ఒక ఉత్తరం రాసి ఇమ్మని అడగండి. అందులో బాబు జబ్బు, ఏ కీమో ఏ తేదీన ఇచ్చారు, ఇంతకు ముందు టిఫ్లైటిస్ వచ్చిందన్న విషయం, జ్వరం వస్తే వెంటనే ఏ యాంటీబయాటిక్ ఎంత మోతాదులో ఇవ్వాలి, రాత్రిపూట ఏ నంబరుకు ఫోను చేయాలి అన్నవి ఉండాలి. ఖమ్మం చేరిన మరునాడే, జ్వరం ఏదీ లేనప్పుడే, పిల్లల వైద్యులున్న దగ్గరి ఆసుపత్రికి వెళ్ళి ఆ ఉత్తరం చూపించి, ఆ మందు వారి దగ్గర ఎప్పుడూ ఉంటుందో లేదో కనుక్కోండి. జ్వరం గాని కడుపునొప్పి గాని వస్తే మొదటి మోతాదు అక్కడే వేయించి, సెలైన్ పెట్టించుకుని, ఆ తరువాతే హైదరాబాదుకు బయలుదేరండి. ఇంట్లో చంక కింద పెట్టే డిజిటల్ థర్మామీటరు ఒకటి ఉంచుకోండి. కొలిచి రాసుకోకుండా పారాసిటమాల్ వేయకండి.